రసాయనాలు మానేశాక నారు ఎందుకు చనిపోతోంది? కుటుంబ నర్సరీ గురించి ఒక సమాధానం

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారు ఏళ్ళ తరబడి నడిపిన నర్సరీని పోయిన ఏడాది మీరూ మీ చెల్లెలూ చేతిలోకి తీసుకున్నారు. ఎరువు గుళికలు, తెగుళ్ళ మందులు, పురుగుమందులు అన్నీ ఒకేసారి ఆపేశారు. తోటమట్టి సగం, పశువుల ఎరువు సగం కలిపి కవర్లు, ట్రేలు నింపారు. వారానికోసారి వేపనూనె కొట్టారు. టమాటా, మిరప నారు సగానికి సగం మెడ దగ్గర నీరుకారి పడిపోయింది. బతికినవి పసుపెక్కి ఎదుగుదల లేకుండా నిలబడిపోయాయి. షేడ్‌నెట్ కింద పూలమొక్కలకు పిండినల్లి పట్టింది. "ఇది పొలానికి పనికొస్తుందేమో గానీ నర్సరీకి కాదు" అని నాన్నగారు అంటున్నారు. మళ్ళీ మందుల్లోకి వెళ్ళాలా, లేక ఏదైనా మార్చుకోవాలా అని అడిగారు.

మందుల్లోకి వెళ్ళక్కర్లేదు. కానీ నాన్నగారి మాటలో సగం నిజముంది, ముందు అది ఒప్పుకుందాం. పొలంలో మొక్కకి ఒకచోట తిండి దొరక్కపోతే వేరు ఇంకోచోటికి పాకుతుంది. నీళ్ళు ఎక్కువైతే అడుక్కి ఇంకిపోతాయి. ట్రేలో గుంట పిడికిలంత కూడా ఉండదు. దానికి పారిపోయే దారి లేదు. పొలంలో నడిచిన సహజ పద్ధతి నర్సరీలో యథాతథంగా నడవదు. మీరు చేసింది ఏమిటంటే, మందు సీసా తీసేసి ఆ స్థానంలో వేపనూనె సీసా పెట్టారు. మిగతా పనంతా పాత పద్ధతిలోనే జరిగింది.

మా ఇంట్లో మూడు తరాల నర్సరీ. నేను కోడలిగా వచ్చాక కొన్నేళ్ళకు మందులు తగ్గిస్తూ వచ్చి, ఇప్పటికి ఇరవై ఏళ్ళకు పైగా అవి లేకుండానే నడుపుతున్నాం. ఇన్నేళ్ళలో నాకు బోధపడిన విషయం ఒక్కటే. రసాయన నర్సరీలో తప్పు చేశాక దిద్దుకునే అవకాశం ఉంటుంది. సహజ పద్ధతిలో ఆ అవకాశం చాలా తక్కువ. జరగాల్సిందంతా విత్తనం వేయకముందే జరిగిపోవాలి. తెగులు కళ్ళబడ్డాక మిగిలే మందు ఒకటే, ఆ ట్రేని తీసి అవతల పారేయడం. కింద చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మిశ్రమంతో మొదలుపెడతాను. మీ కష్టాల్లో ముప్పాతిక వంతు అక్కడే ఉన్నాయి.

ఒక చిన్న పరీక్ష చేయండి. దీర్ఘచతురస్రంగా ఉన్న స్పాంజి ముక్కని నీళ్ళలో బాగా నానబెట్టి, పడుకోబెట్టినట్టు అరచేతిలో పట్టుకోండి. కారాల్సిన నీళ్ళు కారి ఆగిపోతాయి. ఇప్పుడు దాన్ని నిలువుగా తిప్పండి. మళ్ళీ నీళ్ళు కారతాయి. స్పాంజి అదే, మారింది ఎత్తు మాత్రమే. కుండీలోనూ ఇదే జరుగుతుంది. నీళ్ళు పోశాక అడుగున కొంత ఎత్తువరకు గాలి చొరబడని తడి పొర నిలిచిపోతుంది. ఆ పొర మందం మిశ్రమం ఎంత మెత్తనిది అన్నదాన్ని బట్టి ఉంటుంది, కుండీ ఎత్తుని బట్టి కాదు. అందుకే ఒకే మట్టి పెద్ద కుండీలో బాగానే ఉండి, ట్రే గుంటలో బురదవుతుంది. గుంట లోతే తక్కువ కాబట్టి దానిలో చాలా భాగం ఆ తడి పొరే ఆక్రమిస్తుంది. కింద గులకరాళ్ళు పరిస్తే నీళ్ళు దిగిపోతాయన్న నమ్మకం చాలామందిలో ఉంది. దిగవు. తడి పొర రాళ్ళ పైకి జరుగుతుంది, అంతే. వేరుకి మిగిలే చోటు ఇంకా తగ్గుతుంది.

తోటమట్టి నేలలో ఉన్నప్పుడు వానపాములు, వేళ్ళు, లోతు అన్నీ కలిసి దాన్ని గుల్లగా ఉంచుతాయి. తవ్వి తెచ్చి ట్రేలో పోస్తే నాలుగు తడులకే ముద్ద కడుతుంది. గాలి ఆడని ఆ ముద్దలో మీ నారు ఊపిరాడక నీరసించింది, కుళ్ళు రోగం ఆ నీరసాన్ని అందిపుచ్చుకుంది. ట్రేలకు తోటమట్టి పూర్తిగా మానేయండి. పెద్ద కవర్లలో అయితే ఐదో వంతు వరకు ఫరవాలేదు, అదీ శుద్ధి చేశాక.

మేము వాడేది కొలత లెక్కన ఇలా ఉంటుంది. కొబ్బరిపొట్టు నాలుగు వంతులు, బాగా చివికిన కంపోస్టు మూడు వంతులు, ముతక ఇసుక గానీ పెర్లైటు అనే తేలికైన తెల్ల రాతి గుళికలు గానీ ఊక బొగ్గు గానీ రెండు వంతులు, వర్మీకంపోస్టు ఒక వంతు. విత్తనాల ట్రేలకు కంపోస్టు సగం తగ్గించి, ఆ మేరకు కొబ్బరిపొట్టు పెంచుతాం. లేత మొలకకి బలమైన తిండి అక్కర్లేదు, గాలి కావాలి. వర్మీకంపోస్టు మంచిదే కదా అని చాలామంది సగానికి సగం కలుపుతారు. దానిలో ఉండే లవణాలే మొలకని మాడుస్తాయి. పదో వంతు నుంచి ఐదో వంతు దాకా చాలు. కొబ్బరిపొట్టులో కూడా ఉప్పు ఉంటుంది. మంచి నీళ్ళతో రెండు మూడుసార్లు నానబెట్టి పిండకుండా వాడొద్దు. చవకైన ఈసీ మీటరు ఒకటి కొనుక్కుంటే పిండిన నీళ్ళలో ఉప్పు ఎంతుందో అంకెలో తెలుస్తుంది. నర్సరీకి నేను కొన్న పరికరాల్లో ఇంతగా అక్కరకొచ్చింది ఇంకొకటి లేదు.

కంపోస్టు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. పెంటపోగు ఏడాది పాటు ఒక మూల పడి ఉన్నంత మాత్రాన అది కంపోస్టు కాదు. కుప్ప వేడెక్కాలి. అమెరికా సేంద్రియ నిబంధనల ప్రకారం పశువుల పేడతో వరుసకుప్పగా వేసిన కంపోస్టు 55 నుంచి 77 డిగ్రీల సెల్సియస్ మధ్య కనీసం 15 రోజులు ఉండాలి, ఆ లోపల కనీసం 5 సార్లు తిరగేయాలి. కలిపే సరుకులో కార్బన్, నత్రజనుల నిష్పత్తి మొదట్లో 25 నుంచి 40 వంతులకు ఒకటి మధ్య ఉండాలి. ఎండుటాకులు, గడ్డి ఎక్కువగా, పచ్చిదీ పేడా తక్కువగా వేస్తే అక్కడికి చేరుతుంది. ఆ వేడి కలుపు విత్తనాల్నీ చాలా రోగకారకాల్నీ చంపుతుంది. ఐదుసార్లు తిరగేయడం ఎందుకంటే, కుప్ప పైపొర చల్లగా ఉంటుంది. అది లోపలికి వెళ్ళకపోతే ఆ పొరలో ఏమీ చావదు. వేడి తగ్గాక కనీసం రెండు నెలలు ఊరుకోనివ్వండి. పూర్తయిన కంపోస్టు అడవిమట్టి వాసన వేస్తుంది. గుప్పెడు తడిపి, సంచిలో వేసి బిగించి మూడు రోజుల తర్వాత తెరిచినప్పుడు ఘాటు వాసన వస్తే అది ఇంకా పచ్చిదే.

ఇక్కడ మాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్పి తీరాలి. ఒక ఏడాది మా కుప్ప చాలక బయటి నుంచి ఒక బండి పశువుల ఎరువు తెప్పించాం. చూడ్డానికి నల్లగా, గుల్లగా, ఎంతో బాగుంది. మూడు వారాల్లో టమాటా నారంతా చిగురు ముడుచుకుని, ఆకులు గిన్నెల్లా మెలితిరిగాయి. వైరస్ అనుకుని వేల మొక్కలు తగలబెట్టాం. కారణం తర్వాత తెలిసింది. అమినోపైరలిడ్, క్లోపైరలిడ్ లాంటి కలుపుమందులు కొట్టిన మేతని పశువులు తింటే ఆ మందు చెడకుండా పేడలోకి వస్తుంది, కంపోస్టు వేడికీ అంత తేలిగ్గా పోదు. బ్రిటన్‌లో 2008లో ఇలాగే ఎంతోమంది తోటలు దెబ్బతిని, అమినోపైరలిడ్ అమ్మకాలు కొంతకాలం నిలిపేశారు. అప్పటి నుంచి బయటి ఎరువు ఏది వచ్చినా ముందు పరీక్షే. ఆ ఎరువు మూడో వంతు కలిపిన మిశ్రమంలో చిక్కుడు గింజలు, పక్కనే మామూలు మిశ్రమంలో అవే గింజలు వేసి మూడు వారాలు చూస్తాం. మూడో జత ఆకులు మామూలుగా విచ్చుకుంటేనే ఎరువు లోపలికి వస్తుంది. చిక్కుడు, బఠాణీ, టమాటా ఈ మందుకి చాలా సున్నితం, కాబట్టి అబద్ధం చెప్పవు.

ఇప్పుడు నారుకుళ్ళు. ఇది ప్రధానంగా పిథియం, రైజోక్టోనియా అనే రెండు రకాల జీవుల పని. ఇవి దాదాపు ప్రతి నేలలోనూ ఉంటాయి. ఉండటం ప్రమాదం కాదు, వాటికి అనువైన పరిస్థితి మనం కల్పించడం ప్రమాదం. ఒత్తుగా చల్లిన విత్తనం, ఎప్పుడూ తడిగా ఉండే పైపొర, కదలని గాలి, పచ్చి ఎరువు, ఈ నాలుగూ కలిస్తే ఒక్క రాత్రిలో ట్రే పడిపోతుంది. మీ దగ్గర నాలుగూ ఉన్నాయి.

మేము చేసేది ఇది. ఎండ బాగా కాసే రోజుల్లో ఏడాదికి సరిపడా మిశ్రమాన్ని తడిపి, నల్ల ట్రేలలో గానీ సంచుల్లో గానీ పల్చగా నింపి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ రెండు పొరలుగా, మధ్య కాస్త గాలి ఉండేలా కప్పుతాం. లోపల నడిబొడ్డున థర్మామీటరు పెడితే 70 డిగ్రీలు ఒక అరగంట, లేదా 60 డిగ్రీలు ఒక గంట చూపిస్తే చాలు. నేలని ఇలా ఎండతో శుద్ధి చేసే పద్ధతిని జాకొవ్ కటాన్, ఆయన సహచరులు ఇజ్రాయెల్‌లో 1976లో ప్రకటించారు. నేల మీద అయితే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ట్రేలలో కొద్ది మిశ్రమమే కాబట్టి ఎండ గట్టిగా ఉంటే ఒకట్రెండు రోజుల్లో పని అయిపోతుంది. నేల మీద నల్ల ప్లాస్టిక్ వేయకండి. అది తాను వేడెక్కుతుంది గానీ, ఎండని లోపలికి పోనివ్వదు.

శుద్ధి చేసిన మిశ్రమం ఖాళీ ఇల్లు లాంటిది. ముందు ఎవరు వస్తే వాళ్ళదే. అందుకే చల్లారగానే మంచి జీవుల్ని మనమే ప్రవేశపెట్టాలి. 90 కిలోల చివికిన ఎరువు, 10 కిలోల వేపపిండి, ట్రైకోడెర్మా అనే మేలుచేసే బూజు పొడి ఒక కిలో కలిపి, చేత్తో పిండితే నీరు కారనంత తడి చేసి, నీడలో గోనెపట్టా కప్పి పది పదిహేను రోజులు ఉంచుతాం. మధ్యలో ఒకసారి తిరగేస్తాం. తెల్లగా, ఆపైన ఆకుపచ్చగా బూజు పాకుతుంది. అదీ మనకి కావాల్సిన సైన్యం. దాన్నే మిశ్రమంలో కలుపుతాం. ట్రైకోడెర్మా పొడిని నీళ్ళలో కలిపి, కుళ్ళు మొదలయ్యాక పోస్తే పెద్దగా ఒరిగేది ఏమీ లేదు. అది ముందుగా చోటు ఆక్రమించుకునే జీవి, మంట ఆర్పే నీళ్ళు కాదు. జీవామృతం లాంటి పులిసిన ద్రావణాల మీద కూడా నా మాట ఇదే. నేలకి పోసుకోండి, పెద్ద కుండీలకి పల్చగా పోసుకోండి. మొలకల ట్రేల జోలికి మాత్రం తీసుకెళ్ళకండి. చక్కెర, పిండి ఉన్న ద్రావణం తడి ట్రేలో పడితే పిథియంకి కూడా విందే.

విత్తనాన్ని మట్టితో కాక ముతక ఇసుక పల్చటి పొరతో కప్పండి, పైన త్వరగా ఆరుతుంది. ఒక గుంటలో ఒక గింజే. రాత్రికి ఆకులు, పైపొర ఆరి ఉండాలి, కాబట్టి తడి ఉదయం పూటే పెట్టాలి. ఒక చిన్న ఫ్యాను గాలి ఆడిస్తే వచ్చే తేడా చూసి మీరే ఆశ్చర్యపోతారు. ఇవన్నీ చేసినా ఎప్పుడైనా ఒక మూల నారు వాలితే, వాలిన మొక్కల్నే కాదు, వాటి చుట్టూ పచ్చగా కనిపించే రెండు వరుసల్ని కూడా తీసేయండి. నాకు మొదట్లో చెయ్యి వచ్చేది కాదు. ఆ రెండు వరుసల మీద జాలిపడి ట్రేలకి ట్రేలు పోగొట్టుకున్నాను.

పసుపు సంగతికి వస్తాను. పసుపు పాత ఆకుల్లో మొదలైందా, కొత్త ఆకుల్లోనా? పాత ఆకులు మొత్తంగా పాలిపోతే నత్రజని చాలడం లేదు. కొత్త ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కితే ఇనుము అందడం లేదు. చాలాసార్లు ఇనుము మిశ్రమంలో ఉంటుంది, క్షారగుణం ఉన్న నీళ్ళు నెలల తరబడి పోయడం వల్ల వేరు దాన్ని తీసుకోలేకపోతుంది. రెండింటికీ మందు వేరు, కాబట్టి ముందు ఆకు చూడండి, తర్వాత సంచి విప్పండి.

నత్రజని విషయంలో రసాయన ఎరువు అలవాటైన చేతులు పొరబడేది ఒకటుంది. గుళిక ఎరువు నీళ్ళు తగిలితే పనిచేస్తుంది. పిండి ఎరువులు, కంపోస్టు సూక్ష్మజీవులు తిని విడగొడితేనే పనిచేస్తాయి. చలిగా ఉంటే అవి మందగిస్తాయి, మొక్క ఆకలితో ఉంటుంది. ఇంకోవైపు, చివకని రంపపుపొట్టు లాంటిది మిశ్రమంలో ఉంటే సూక్ష్మజీవులు దాన్ని జీర్ణించుకోవడానికి మొక్క నోటి దగ్గరి నత్రజనినే లాక్కుంటాయి. వేపపిండి లాంటివి కలిపిన వెంటనే నాటితే మొదటి రెండు వారాలు వేడి, అమోనియా పుట్టి వేళ్ళు మాడతాయి. అందుకని మిశ్రమం కలిపి, తడిపి, కప్పి మూడు వారాలు ఆగి నింపుతాం. ఎప్పుడూ తర్వాతి నెలకి కావాల్సిన కుప్ప సిద్ధంగా ఉండాలి. ఈ ముందుచూపు అలవడేసరికి మాకు రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు మీ పసుపు మొక్కల్ని కాపాడాలంటే, వర్మీకంపోస్టుని పదింతల నీళ్ళలో ఒక రోజు నానబెట్టి వడకట్టి, వారానికోసారి మొక్క మొదలు దగ్గర పోయండి. ఒక అంగుళం పైపొర గోకి కొత్త కంపోస్టు వేయండి. నిలబడిపోయి రెండు నెలలు దాటిన నారుని మాత్రం ఉంచుకోకండి. ఒకసారి గిడసబారిన టమాటా, మిరప నాటాక కూడా సరిగ్గా అందుకోవు, అమ్మితే మీ పేరు పోతుంది.

మొక్కలు మామూలుగానే రసాయన నర్సరీ కంటే మెల్లగా తయారవుతాయని కూడా లెక్క వేసుకోండి. మేము కూరగాయ నారుకి పది రోజులు, అంటు మొక్కలకి రెండు మూడు నెలలు ముందే మొదలుపెడతాం.

నీళ్ళు ఒక్క మనిషే పోయాలి. కుటుంబ నర్సరీల్లో తోచినవాళ్ళు తోచినప్పుడు పైపు పట్టుకోవడం మామూలు. పొద్దున ఒకరు, సాయంత్రం ఇంకొకరు, ఇద్దరూ మంచి ఉద్దేశంతోనే, మొక్క మాత్రం మునుగుతుంది. మా ఇంట్లో ఆ పని మా అత్తగారిది. ఆమె ట్రే అంచు వేలితో కాస్త ఎత్తి బరువు చూస్తుంది, పైన తడి చూడదు. పైన ఆరి కింద బరువుంటే ముందుకు నడుస్తుంది. ఆమె ఊరెళితే నేను పోస్తాను, మూడో మనిషి పైపు ముట్టడు. నాన్నగారి అనుభవం మీకు ఎక్కడ పనికొస్తుందో ఇక్కడ ఆలోచించండి. బరువు చూసే చెయ్యి ఏళ్ళ మీద వచ్చేది, మందులు మానేస్తే పోయేది కాదు.

పిండినల్లికి వేపనూనె పనిచేయలేదన్నారు. పిండినల్లి ఒంటి మీద మైనం ఉంటుంది, పైగా కణుపుల సందుల్లో దూరి ఉంటుంది. ముందు చీమల్ని చూడండి. పిండినల్లి విసర్జించే తీపి రసం కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, దాన్ని తినే మిత్రపురుగుల్ని తరుముతాయి. బల్లల కాళ్ళు నీళ్ళ గిన్నెల్లో ఉంచండి, లేదా జిగురు పట్టీ చుట్టండి. ఎక్కువ పట్టిన మొక్కని పారేయండి. మిగతావాటిని సబ్బు నీళ్ళలో ముంచిన కుంచెతో కణుపు కణుపునా తుడవండి. ఆ తర్వాత దొరికితే క్రిప్టోలేమస్ అనే అక్షింతల పురుగుని వదలండి, పిండినల్లినే తిని బతికే జాతి అది. దాని పిల్లపురుగు అచ్చం పిండినల్లిలాగే తెల్లటి పోగులతో ఉంటుంది, చూసి చంపేయకండి. దాన్ని వదిలాక సబ్బు, నూనె కొట్టడం ఆపాలి. సబ్బుకి శత్రువు, మిత్రుడు అన్న తేడా తెలియదు.

నర్సరీలో ఇది కొత్త ప్రయోగం అనుకునేవాళ్ళకి ఒక మాట. ఇంగ్లండులో 1926లోనే గాజు ఇళ్ళలోని తెల్లదోమ మీద ఎన్‌కార్సియా ఫార్మోసా అనే గడ్డిగింజంత కూడా లేని పరాన్నజీవి కందిరీగని గమనించారు. 1930ల్లో దాన్ని పెంచి పెంపకందారులకు పంపిణీ చేశారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత డీడీటీ లాంటి మందులు వచ్చి ఆ పని మూలబడింది. పురుగులు మందులకి అలవాటు పడటంతో తర్వాత మళ్ళీ దానికే తిరిగొచ్చారు. ఇప్పుడు ఎన్నో దేశాల్లో గాజు ఇళ్ళ టమాటా పెంపకంలో దాన్ని వాడుతున్నారు. నాన్నగారికి ఇది చెప్పండి. మందులు కొట్టేవాళ్ళే లెక్కలు చూసుకుని ఇటు వచ్చారని.

వేపనూనె కొడితే సాయంత్రం కొట్టండి. దానిలోని అజాడిరాక్టిన్ ఎండకి త్వరగా విరిగిపోతుంది, మిట్టమధ్యాహ్నం కొడితే లేత ఆకు మాడుతుంది కూడా. వారం వారం అలవాటుగా కాక, పురుగు కనపడ్డ చోటే, ఆకు అడుగున తగిలేలా కొట్టాలి. ఇంకొకటి, సహజమైనది అంటే ప్రమాదం లేనిదని అర్థం కాదు. పొగాకు కషాయంలోని నికోటిన్ మనిషికి గట్టి విషం. దానితో పాటు పొగాకు మొజాయిక్ వైరస్ టమాటా, మిరప నారులోకి రావచ్చు. రోటినోన్ కూడా మొక్కల వేళ్ళ నుంచి తీసిందే, చేపలకీ మనుషులకీ హాని అని చాలా దేశాలు తర్వాత మానేశాయి. పిల్లలు తిరిగే నర్సరీలో కషాయాల డబ్బాకి కూడా తాళం ఉండాలి.

దీనికంటే పెద్ద బాధ్యత తల్లిమొక్కలది. వైరస్‌కి సహజ పద్ధతిలోనూ మందు లేదు, రసాయన పద్ధతిలోనూ లేదు. నిమ్మజాతిలో గ్రీనింగ్ అనే బ్యాక్టీరియా రోగం, ట్రిస్టెజా అనే వైరస్ రోగం రెండూ అంటుపుల్లతో పాటే వెళ్తాయి. ఒక రోగిష్టి చెట్టు నుంచి వంద పుల్లలు కోస్తే వంద తోటలకి రోగం పంపినట్టే. జామని కబళించే మెలాయిడోగైనె ఎంటెరోలోబియై అనే నులిపురుగు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పాకడంలో నర్సరీ కవర్ల మట్టి పాత్ర చాలా పెద్దది. 2004లో కాలిఫోర్నియాలోని నర్సరీ మొక్కలతో ఫైటోఫ్తొరా రామోరం అనే, ఓక్ చెట్లని చంపే తెగులు అమెరికాలో ఎన్నో రాష్ట్రాలకి చేరింది. మనం మందు కొట్టడం లేదు కాబట్టి రోగాన్ని కప్పిపుచ్చడం లేదన్నది నిజమే, కానీ పంపకుండా ఉండాలంటే అది చాలదు. తల్లిమొక్కలు దోమతెర లోపల, అమ్మే మొక్కలకి దూరంగా ఉండాలి. బయటి నుంచి వచ్చిన ప్రతి మొక్కా నాలుగు వారాలు వేరే మూల ఉండాలి. ఒకటి బయటికి లాగి వేళ్ళు చూడండి, బుడిపెలు కనిపిస్తే ఆ సరుకు మొత్తం వెనక్కి పంపండి. కత్తిని చెట్టుకి చెట్టుకి మధ్య డెబ్బై శాతం ఆల్కహాల్‌తో తుడవండి. పొగాకు మొజాయిక్ జాతి వైరస్‌లు ఆల్కహాల్‌కి లొంగవు, వాటికి వెన్న తీసిన పాలపొడిని నీళ్ళలో ఐదో వంతు కలిపిన ద్రావణంలో చేతులు, పనిముట్లు ముంచితే బాగా పనిచేస్తుంది. ఇది తెలిసినవాళ్ళు తక్కువ.

వేళ్ళ గురించి క్లుప్తంగా. కవరు గోడ చుట్టూ తిరిగిన వేరు పదేళ్ళ తర్వాత ఆ చెట్టు మొదలుకే ఉరి బిగిస్తుంది. ట్రేలని నేల మీద కాక జాలీ మీద పెట్టండి, కింది రంధ్రంలోంచి బయటికి వచ్చిన వేరు గాలి తగిలి ఎండిపోయి లోపల కొత్త పిల్లవేళ్ళు వేస్తుంది. కవరు మార్చేటప్పుడు చుట్టుకున్న వేళ్ళని కత్తితో నాలుగు వైపులా నిలువుగా చీరండి. కొమ్మలు పాతుకోవడానికి తేనె, కలబంద గురించి అడిగారు. వాటి మీద నాకు పెద్ద నమ్మకం లేదు. సరైన వయసు కొమ్మ, సరైన కాలం, తేమ ఆరని గాలి, శుభ్రమైన ఇసుక, ఈ నాలుగూ కుదిరితే తేలిగ్గా వేరు వేసే జాతులకి ఏ పూతా అక్కర్లేదు.

పొడుగ్గా సాగిపోయే నారుని పొట్టిగా, గట్టిగా ఉంచడానికి రసాయన నర్సరీలు ఎదుగుదల తగ్గించే మందు కొడతాయి. మా ఇంట్లో ఆ పని పిల్లలది. రోజుకి రెండుసార్లు, ఆకులు ఆరి ఉన్నప్పుడు, ఒక మెత్తని గుడ్డ కట్టిన కర్రని నారు తలల మీదుగా పది పదిహేనుసార్లు అటూ ఇటూ జరుపుతారు. తాకిడికి మొక్క కాండం లావెక్కి పొట్టిగా పెరుగుతుంది. దీనికి 1973లో మార్క్ జాఫే అనే శాస్త్రవేత్త థిగ్మోమార్ఫోజెనెసిస్ అని పేరు పెట్టారు. టమాటాకి చక్కగా పనిచేస్తుంది.

ఇక ఇల్లు. ఒకేసారి అంతా మార్చడం మీ అసలు పొరపాటు. నర్సరీని మూడు భాగాలు చేసి, ఈ ఏడాది ఒక భాగమే మార్చండి. మిగతా రెండూ నాన్నగారి పద్ధతిలో, నాన్నగారి చేతిలో నడవనివ్వండి. పనిముట్లు, మిశ్రమం కలిపే చోటు మాత్రం వేరుగా ఉండాలి. ఒక పుస్తకం పెట్టి ప్రతి వరుసకి ఎన్ని విత్తాం, ఎన్ని మొలిచాయి, ఎన్ని పారేశాం, ఎన్ని అమ్మాం అని రాయండి. మా ఇంట్లో వాదన తెగింది ఆ పుస్తకం వల్లే. రెండో ఏడాది చివర మా మామగారు పారేసిన లెక్క రెండు వైపులా కూడి చూసుకుని, మరుసటి రోజు నుంచి రెండో భాగం కూడా నాకు వదిలేశారు. ఇంటివాళ్ళ పనిగంటలకి కూడా కూలి రాయండి. తీసుకున్నా తీసుకోకపోయినా రాయండి. సహజ పద్ధతిలో మందుల ఖర్చు తగ్గి మనిషి పని పెరుగుతుంది. ఆ పని కనపడకుండా ఉంటే సాధారణంగా ఇంట్లో ఆడవాళ్ళే మోస్తారు, లాభం మాత్రం పుస్తకంలో బాగా కనిపిస్తుంది.

అమ్మేటప్పుడు మీరు చేసినంతే చెప్పండి. ధ్రువీకరణ లేకుండా సేంద్రియం అని బోర్డు పెట్టకండి. ఏ మిశ్రమం, ఏం కొట్టాం, ఎప్పుడు కొట్టాం అన్నది మొక్క పక్కన కాగితం మీద రాసిపెడితే చాలు. 2017లో ఇంగ్లండులోని సస్సెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, తేనెటీగలకి మంచివని అమ్ముతున్న పూలమొక్కల్ని కొని పరీక్షిస్తే, చాలావాటిలో తేనెటీగలకి హానిచేసే నియోనికోటినాయిడ్ మందులే బయటపడ్డాయి. కొన్నవాళ్ళు ప్రేమతో తెచ్చి తోటలో పెట్టుకున్న మొక్కలవి. మన దగ్గర కొన్న మనిషికి అలాంటిది జరగకూడదనే కదా ఈ అవస్థ అంతా.

ఈ వారానికి మీరు చేయాల్సినవి తక్కువే. వాలిన ట్రేలన్నీ తీసి దూరంగా పూడ్చేయండి, ఆ ట్రేలని సబ్బుతో కడిగి ఎండలో రెండు రోజులు ఆరబెట్టండి. బల్లల కాళ్ళకి చీమల అడ్డు పెట్టండి. కొత్త మిశ్రమం ఒక చిన్న కుప్ప కలిపి కప్పిపెట్టండి. మీరు వాడిన పశువుల ఎరువులో చిక్కుడు గింజలు వేసి చూడండి. మూడు వారాలయ్యాక ఆ చిక్కుడు మూడో జత ఆకు ఎలా విచ్చుకుందో, పసుపు పాత ఆకుల్లోనా కొత్త ఆకుల్లోనా, మీ నీళ్ళ క్షారగుణం చెప్పే పీహెచ్ అంకె ఎంతో రాయండి. మిగతాది ఆ మూడూ చూశాక మాట్లాడుకుందాం.